మిక్చరు పిల్ల

నౌషీన్ ఆటలో ఎంచుకున్న వేషానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది. హనుమయ్య బాబాయ్ ఆ పేరు పలకబోయి రెండుసార్లు నాలిక కరుచుకుని, మూడోసారి దానికి మిక్చరు అని పేరు పెట్టేశాడు. కాస్త కారప్పూస, కాస్త బూందీ, నాలుగు వేరుశనగ గుళ్ళు. అన్నీ ఉంటాయి, ఏదీ పొట్లం నిండా ఉండదు. ఆ పేరు టీములో స్థిరపడిపోయింది. నౌషీన్ ఏమీ అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఆమెకు మిక్చరంటే ఇష్టమే.

ఆ ఆటలో మామూలుగా మంత్రగాళ్ళు రెండు జాతులు. నిప్పు విసిరేవాళ్ళు నిప్పే విసురుతారు. దెబ్బ తిన్నవాళ్ళ మీద నీళ్ళు చల్లి ప్రాణం పోసేవాళ్ళు నీళ్ళే చల్లుతారు. నౌషీన్ వేషం రెండూ చేస్తుంది, రెండూ సగం సగం చేస్తుంది. అందుకని దాన్ని తీసుకునేవాళ్ళే తక్కువ, తీసుకున్నవాళ్ళు నెల తిరక్కుండా వదిలేస్తారు. నౌషీన్ వదల్లేదు. అందులోని కిటుకు ఆమెకు మొదటిరోజే నచ్చింది. నిప్పు వేసినకొద్దీ ఆమె బొమ్మ చుట్టూ ఎర్రటి రవ్వలు పోగవుతాయి. రవ్వలు పెరిగేకొద్దీ నిప్పూ వేడెక్కుతుంది, ఆ తరవాత చల్లే నీళ్ళకూ బలం వస్తుంది. అయితే ఒక్క చుక్క నీళ్ళు చల్లినా రవ్వలన్నీ ఆరిపోతాయి, మళ్ళీ పొయ్యి మొదట్నుంచి రాజేసుకోవాలి. కాబట్టి ఈ వేషం బాగా ఆడటమంటే ఓపిక పట్టడం. పక్కవాడి రక్తం తగ్గుతుంటే చూస్తూ, ఇంకా చూస్తూ, తీరా పడిపోబోయే ముందు ఒకేసారి కుండెడు నీళ్ళు కుమ్మరించడం.

వినడానికి బాగానే ఉంది. ఆ పక్కవాడు హనుమయ్య బాబాయ్ అయినప్పుడే చిక్కు.

టీములో నలుగురు. నరసరావుపేటలో నౌషీన్. సత్తెనపల్లిలో హనుమయ్య; ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాక, మనవరాలు ఆడి వదిలేసిన టాబ్‌లో ఈ ఆట మొదలుపెట్టాడు. డాలు పట్టుకుని అందరికంటే ముందు నిలబడేది ఆయనే. మాచర్లలో బైకు మెకానిక్కు జుబేర్, రెండు చేతులా కత్తులు. క్రోసూరులో ఎరువుల కొట్టు చూసుకునే వెంకట సాయి విలుకాడు, టీముకు కెప్టెన్. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. సాయంత్రాలు ఫోనులో గొంతులు వింటూ ఆడటమే. అయినా బాబాయ్, అన్నా, అమ్మాయ్ అన్న వరసలు మొదటి వారంలోనే కలిసిపోయాయి. మన వైపు ముందు వరస కలవాలి, ఆటలు ఆ తరవాత.

ఈ నెల వాళ్ళు పట్టుకున్నది ఇనుప కోడె కోట. ఆ కోట ఆదివారం సాయంత్రంతో మూతపడుతుంది. తెర పైభాగాన ఇసుక గడియారం ఉంటుంది. ఇసుక అయిపోయేలోపు కోడెను పడగొట్టకపోతే దానికి పిచ్చెక్కి ఒక్క తొక్కుడుతో నలుగురినీ నేలమట్టం చేస్తుంది. గురువారం సాయంత్రం కూడా అదే జరిగింది.

కోడె తల ఎగరేసినప్పుడల్లా నేలమీద ఎర్ర చక్రం పడుతుంది. ఆ చక్రంలోంచి రెండడుగులు పక్కకు జరిగితే సరి, పైనుంచి పడే మంట తగలదు. జుబేర్ జరిగేవాడు, సాయి జరిగేవాడు. హనుమయ్య మాత్రం కోడె ముట్టెకు డాలు ఆనించి, కదలకుండా నిలబడేవాడు. శ్రీశైలం ఘాట్‌రోడ్డులో ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి. ఎదురుగా ఏమొచ్చినా స్టీరింగు వదలకూడదన్నది ఆయనకు తెలిసిన నీతి. కాళ్ళ కింది చక్రం ఆయనకు తన డాలు చాటున కనబడదు. మిగతా ముగ్గురికీ సుబ్బరంగా కనబడుతుంది. ముగ్గురూ నోరు విప్పరు. పెద్దవాళ్ళు వస్తే కుర్చీ వేస్తాం, మంచినీళ్ళిస్తాం. మీరు నిలబడ్డ చోటు తప్పండీ అని ఎట్లా అంటాం?

అనలేదు కాబట్టి నౌషీన్ నీళ్ళు చల్లేది. మంట పడ్డప్పుడల్లా బాబాయ్ మీద కాసిని. రవ్వలు ఆరిపోయేవి. మళ్ళీ రాజేసేది, మళ్ళీ మంట, మళ్ళీ కాసిని నీళ్ళు. నిప్పు ఎన్నడూ వేడెక్కలేదు, నీళ్ళకు ఎన్నడూ బలం రాలేదు. ఇసుక అయిపోయింది. నలుగురూ కలిసికట్టుగా చచ్చారు.

ఆట ముగిశాక తెరమీద పట్టిక వస్తుంది, ఎవరు ఎంత కొట్టారు, ఎంత ప్రాణం పోశారు అని. కొట్టినవాళ్ళలో నౌషీన్ అట్టడుగున ఉంది. ప్రాణం పోయడంలో ముందున్నా, అచ్చంగా నీళ్ళు చల్లేవాళ్ళు పోసేదాంట్లో అది సగం కూడా కాదు.

కాసేపటికి సాయి విడిగా ఫోను చేశాడు.

"నౌషీనూ, కోప్పడబాక. గురజాలలో నవీద్ అని ఒకడున్నాడు, అచ్చంగా హీలింగే ఆడతాడు. ఆదివారానికి అతన్ని తీసుకుందామనుకుంటన్నా."

"మరి నేను?"

"నీ తప్పు కాదమ్మా, ఆ వేషమే అంత. రెంటికీ చెడ్డ రేవడి. శనివారం ఒకసారి నీతో చూద్దాం. అప్పుడూ ఇట్టాగే అయితే నువ్వే అర్థం చేసుకోవాల."

బాబాయ్ మంటలో నిలబడుతున్నాడన్నా, అది కూడా చూడు అన్న మాట నౌషీన్ నాలిక చివరిదాకా వచ్చింది. సాయి ఎరగనిదా అది? ఎరిగీ పట్టికలో ఆమె పేరే చూస్తున్నాడంటే, పెద్దాయన జోలికి పోవడం కంటే ఆడపిల్లను పక్కన పెట్టడం తేలికని. ఆమెకు ఒళ్ళు మండింది. "సరే అన్నా" అని ఫోను పెట్టేసింది.

శుక్రవారం పొద్దున మగ్గం దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఆ మంట చల్లారలేదు. ముందు గదిలో సగం ఆ మగ్గమే. చెక్క చట్రానికి బిగించిన పట్టుబట్ట మీద నెమలి మెడ సగం పూర్తయి ఉంది, కంటెపూడి పెళ్ళివారి జాకెట్టు. ఒక పక్కన తల్లి జాన్‌బీ, ఎదురుగా నౌషీన్. పైచేతిలో కొక్కెం సూది బట్టలోకి దిగుతుంది, బట్ట కింద ఉన్న చెయ్యి దానికి దారం తగిలిస్తుంది, సూది పైకి వస్తుంది. చూసేవాళ్ళంతా పైచేతినే చూస్తారు. ఆ రోజు నౌషీన్ పైచెయ్యి కింది చేతికోసం ఆగడం లేదు. రెండుసార్లు దారం తెగింది.

"ఏందే, దారం మీద పడ్డావ్?" అంది జాన్‌బీ.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే పట్టుదారం అట్టా తెగదు."

టీ తాగేటప్పుడు నౌషీన్ ఫోను తీసి మగ్గం చట్రానికి ఆనించి, నిన్నటి ఆట రికార్డింగు పెట్టింది. తను ఎక్కడ తడబడిందో చూసుకుందామని. జాన్‌బీ గ్లాసు పట్టుకుని పక్కకొచ్చి కూర్చుంది. ఆమెకు ఆటలు తెలియవు, కాని ఏ పనైనా పది నిమిషాలు చూస్తే అందులో చేతులు ఎక్కడ వృథా అవుతున్నాయో పసిగడుతుంది.

"ఆ డాలాయన ఎవరు?"

"సత్తెనపల్లి బాబాయ్."

"మంటలో నిలబడతాడేందే?"

"ఆయనంతే."

"చెప్పొచ్చుగా."

"పెద్దాయనకు ఏం చెబుతామమ్మా?"

జాన్‌బీ ఇంకాసేపు చూసింది. "ఉన్న పూసలన్నీ మెడ కాడే కుట్టేసి, చేతులకొచ్చేసరికి డబ్బా బోర్లించినట్టుంది నీ ఆట. నీళ్ళన్నీ ఆయనకేనా? ఆయన పడిపోతే ఏమవుద్ది?"

"చచ్చిపోతాడు."

"ఆ తర్వాత?"

"పోరయిపోయాక లేపొచ్చు."

"లేచేదానికా ఇంత భయం?" అని జాన్‌బీ పకపకా నవ్వింది. నవ్వు ఆగక గ్లాసు కింద పెట్టాల్సి వచ్చింది. నౌషీన్ ముందు మొహం ముడుచుకుంది, తరవాత ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆలోచనలో పడింది. బాబాయ్‌ని పడనివ్వడమా? ఆ మాట ఇన్నాళ్ళూ ఆమె బుర్రకు తట్టనే లేదు. పెద్దాయన నీరసంగా కనబడితే చెయ్యి దానంతటదే నీళ్ళ బొత్తం మీదికి పోయేది.

ఆ మధ్యాహ్నమంతా, సూదికీ సూదికీ నడుమ తీరిక దొరికినప్పుడల్లా, ఆటలోని గడ్డిబొమ్మ ముందు సాధన చేసింది. నిప్పు, నిప్పు, నిప్పు. రవ్వలు చుట్టూ తిరుగుతూ పెరుగుతుంటాయి. వేలు నీళ్ళ మీదికి పోబోతుంది, ఆపాలి. ఇంకో నిప్పు. చివరికి రవ్వలు నిండినప్పుడు తెర అంచులు బంగారు రంగుకు తిరుగుతాయి. ఇన్ని నెలల్లో ఆ రంగును ఆమె ఎంత అరుదుగా చూసిందో అప్పుడు తెలిసింది. ఆ రంగులో ఒక్క నిప్పు వేస్తే గడ్డిబొమ్మ మొదలంటా లేచిపోయింది. నౌషీన్ గట్టిగా నవ్వేసింది. చేతిలో ఇంత ఉంచుకుని ఇన్నాళ్ళూ చెంబుతో నీళ్ళు మోసిందన్నమాట.

శనివారం ఆమె ఆ ధీమాతోనే ఆటలోకి దిగింది. మొదటి చక్రం పడింది. బాబాయ్ అందులోనే నిలబడ్డాడు. నౌషీన్ చెయ్యి ఆపుకుంది. నిప్పు, నిప్పు. రెండో చక్రం. బాబాయ్ తలమీద రక్తం చూపే గీత సగానికి వచ్చింది. నిప్పు. తెర అంచులు ఇంకాస్తలో బంగారు రంగుకు తిరుగుతాయనగా ఫోనులో బాబాయ్ గొంతు వినబడింది.

"అమ్మాయ్, కాస్త చూడు తల్లీ, ఇబ్బందిగా ఉంది."

అంతే, వేలు నీళ్ళ మీద పడింది. రవ్వలు ఆరిపోయాయి. ఇక గురువారం ఎట్లా జరిగిందో శనివారమూ అట్లాగే జరిగింది. కోడె తొక్కింది, నలుగురూ పోయారు, పట్టిక వచ్చింది.  మాచర్లలో జుబేర్ కొట్టు ముందు ఏదో బండి స్టార్టు కావడం వినబడింది.

సాయి గొంతు సవరించుకున్నాడు. "సరే. రేపటికి నవీద్‌ని రమ్మంటా. నౌషీన్‌కి ముందే చెప్పా."

"నవీద్ ఎవడు?" అన్నాడు హనుమయ్య.

"హీలరు బాబాయ్. గురజాలబ్బాయి."

"మనకు అమ్మాయుందిగా."

"ఉంది గాని, చూస్తన్నారుగా, రావటంలా."

"ఒరేయ్ సాయీ, నేను ఇన్నిరోజుల్నించి ఆ కోడె మొహాన నిలబడతన్నా. నన్ను చంటిబిడ్డలా కాచుకుంటంది ఎవరు? అమ్మాయి లేకపోతే నేనూ రాను. మీరిద్దరూ, ఆ గురజాల అబ్బాయీ పోయి కోడెతో మాట్లాడుకోండి."

పెద్దాయన అంతమాట అన్నాక సాయి దిగొచ్చాడు. "సరే బాబాయ్, మీ ఇష్టం. రేపు ఓడితే మాత్రం వచ్చే నెల్నించి నవీదే" అన్నాడు. దానికి హనుమయ్య సరేనన్నాడు.

నౌషీన్‌కు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆయన్ను పడనిస్తే తప్ప గెలవరు. ఆయన పూచీ పడితే తప్ప తనకు చోటు లేదు. చోటు ఇప్పించింది కూడా ఎందుకట? చంటిబిడ్డలా కాచుకుంటుందని. ఆ రాత్రి అన్నం తింటూ తల్లికి ఈ సంగతి చెబితే జాన్‌బీ మళ్ళీ నవ్వింది. ఈసారి నౌషీన్ నవ్వలేదు.

ఆదివారం ఎండ తగ్గుముఖం పట్టాక నలుగురూ కోట ముందు చేరారు. జాన్‌బీ మగ్గం దగ్గర నెమలి తోక కుడుతోంది. తలెత్తి చూడలేదు గాని, సూది మాత్రం ఉండుండి ఆగుతోంది.

"పదండి పదండి, రైట్ రైట్" అన్నాడు హనుమయ్య. లోపలికి పోయారు.

కోడె తల ఎగరేసింది. చక్రం పడింది. బాబాయ్ నిలబడ్డాడు. నౌషీన్ ఈసారి ఆయన రక్తం గీతను అసలు చూడకూడదనుకుంది. కోడెనే చూసింది. నిప్పు, నిప్పు. సూది దిగుతుంది, పైకొస్తుంది, చెయ్యి ఎక్కడా తడబడకూడదు. జుబేర్ కోడె వెనక కాళ్ళ దగ్గర కత్తులు తిప్పుతున్నాడు. సాయి బాణాలు వరసగా దిగుతున్నాయి. తెర అంచులు బంగారు రంగుకు తిరిగాయి.

"అమ్మాయ్, నా సంగతి కాస్త చూడాల."

 ఇప్పుడు నీళ్ళు చల్లితే ఆయన రక్తం నిండా నిండుతుంది, అది నిజమే. మళ్ళీ ఈ వేడి రావడానికి మాత్రం గడియారంలో ఇసుక లేదు.

"బాబాయ్," అంది, "ఈసారి మీకు నీళ్ళు లేవు. పడిపోండి."

 సాయి విల్లు ఒక క్షణం ఆగినట్టుంది.

"ఏందీ?" అన్నాడు హనుమయ్య.

"పడిపోండి బాబాయ్. తర్వాత నేను లేపుతా."

ఆయన ఇంకో మాట అనేలోపే మంట పడింది. డాలు ఒక పక్కకు, బాబాయ్ ఒక పక్కకు పడ్డారు. నిజంగా సత్తెనపల్లిలో పెద్దాయనకు ఏమైనా అయిందేమో అని నౌషీన్‌కు ఒక్కసారి అనిపించింది. చెయ్యి మాత్రం ఆగలేదు. బంగారు రంగు అంచుల మధ్య నుంచి నిప్పు మీద నిప్పు. కోడె రక్తం గీత అంతవరకూ ఎన్నడూ తరగనంత జోరుగా తరగడం మొదలుపెట్టింది.

ఈ ఆటలో చచ్చినవాడికి బతికున్నవాళ్ళ తెర కనబడుతుంది, వాళ్ళ వేలు ఏ బొత్తం మీదుందో కూడా. ఎవరి కళ్ళతో చూడాలో ఎంచుకోవచ్చు. బాబాయ్ ఇన్నాళ్ళలో ఒంటరిగా చచ్చింది లేదు కాబట్టి ఆయనకా సంగతి తెలియదు. ఏది నొక్కాడో ఏమో, నౌషీన్ తెరమీదికి వచ్చిపడ్డాడు.

"ఓరి నీ," అన్నాడు మెల్లగా. "ఇదంతా ఏందిరా?"

 డాలు లేదు గనక కోడె జుబేర్ మీదికి మళ్ళింది. అతను పరుగు పెట్టాడు. పరిగెత్తుతూనే వెనక్కి ఒక వేటు వేస్తున్నాడు.

"జుబేరూ, నిన్నే చూస్తందిరా అమ్మాయి," అన్నాడు హనుమయ్య. బస్సులో ముందు సీటు దొరికిన పిల్లాడిలా ఉంది ఆయన గొంతు. "నీ రక్తం తగ్గిపోయింది. అయినా పోయటం లేదు. ఇంకా నిప్పే వేస్తంది. అమ్మో, ఇంకోటి. చెయ్యి నీళ్ళ మీద పెట్టి ఉంచింది, నొక్కటంలా. ఒరేయ్, నీకు రక్తం వెంట్రుకంత ఉంది."

"తెలుస్తంది బాబాయ్," అన్నాడు జుబేర్ ఆయాసపడుతూ, తనే నిజంగా పరిగెత్తుతున్నట్టు.

కోడె కొమ్ము దించింది. నౌషీన్ అప్పుడు పోసింది, చెంబెడు కాదు, పోగైన రవ్వలన్నిటి బలంతో ఒక్క కుమ్మరింపు. కొమ్ము తగలడమూ, జుబేర్ రక్తం గీత ఆ చివర నుంచి ఈ చివరకు నిండడమూ ఒకేసారి జరిగాయి. కొమ్ము తిన్నవాడు పడకుండా ఎదురు తిరిగి రెండు కత్తులూ కోడె మెడలో దించాడు. సాయి బాణం దాని వెంటే దిగింది. గడియారంలో ఇంకా చిటికెడు ఇసుక మిగిలి ఉండగా ఇనుప కోడె ముందుకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగింది.

ముందుగా కేక వేసింది హనుమయ్య. చచ్చిన మనిషి అంత గట్టిగా అరవడం ఎవరూ ఎరగరు. జుబేర్ ఏదో పాట అందుకున్నాడు, అతని కొట్టు దగ్గర ఇంకెవరో ఈల వేశారు.  మగ్గం అవతల జాన్‌బీ సూది బట్టలోనే వదిలేసి కూతురి మొహంలోకి చూస్తోంది.

పట్టిక వచ్చింది. కొట్టినవాళ్ళలో నౌషీన్ మూడోది. ప్రాణం పోయడంలో గురువారం పోసినదాంట్లో సగం కూడా లేదు. సాయి దాన్ని చాలాసేపు చూసినట్టున్నాడు.

"దీంట్లో ఏమీ లేదే," అన్నాడు చివరికి.

"దాంట్లో ఏం కనబడుద్దిరా?" అన్నాడు హనుమయ్య. "నేను చూశా. ఆ పిల్ల చేతుల్లోంచి చూశా. ఎప్పుడు పొయ్యాలో కాదురా, ఎప్పుడు పొయ్యకూడదో అదీ దాని పని. ఇంకోటి కూడా చూశాన్రా. నేల మీద ఎర్ర చక్రాలేందవి? నేను పడున్న చోట ఒకటి పడింది. మీరంతా పక్కకి జరుగుతున్నారు. నాకెప్పుడూ కనబళ్ళా."

ఆయనే లెక్క వేసుకున్నాడు.

"రోజూ వాటిల్లోనే నిలబడతన్నానా?"

"అవును బాబాయ్," అన్నాడు సాయి. అంతకంటే చిన్న గొంతుతో అతను ఎరువుల కొట్టుకు బాకీ వసూలుకొచ్చినవాళ్ళతో కూడా మాట్లాడి ఉండడు.

"ముగ్గురికీ తెలుసా?"

"తెలుసు బాబాయ్."

"అంటే పిల్ల రోజూ నీళ్ళన్నీ నాకే తగలేసి, మాటలు పడిందా? ఎవరూ చెప్పరేందిరా, సన్నాసుల్లారా." తిట్టాడు గాని గొంతులో కోపం లేదు, ఇంకేదో ఉంది. "అమ్మాయ్, నువ్వన్నా చెప్పొచ్చుగా."

"ఇయ్యాల చెప్పాగా బాబాయ్, పడిపోండని," అంది నౌషీన్.

హనుమయ్య నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు జుబేర్‌కు అంటుకుంది, అక్కణ్ణుంచి సాయికి. నవ్వుల మధ్యలోనే సాయి అన్నాడు, "నౌషీనూ, నవీద్‌కి ఫోన్ చేసి వద్దని చెబుతా. నాదే పొరపాటు. వచ్చే నెల కోటకు నువ్వే చెప్పు, ఎవరు యాడ నిలబడాలో."

"బాబాయ్‌ని కూడానా?"

"బాబాయ్‌ని ముందు."

నౌషీన్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత సంతోషమేసిందో ఆమెకే తెలియాలి. తెరమీద కోడె పక్కనే బాబాయ్ ఇంకా వెల్లకిలా పడి ఉన్నాడు, డాలు అల్లంత దూరాన. ఆమె బొమ్మ ఆయన దగ్గరికి నడిచి వంగింది.

"ఉండు ఉండు," అన్నాడు హనుమయ్య. "అప్పుడే లేపబాక. ఇంకో కోటలోకి పొయ్యేటట్టయితే పోండి, నేను ఇట్టాగే పడుకుని నీ తెరలోంచి చూస్తా. చానా బాగుంది."

ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నౌషీన్ నీళ్ళు చల్లింది. ఆ రోజు పెద్దాయన మాట ఆమె వినకపోవడం అది రెండోసారి.